రాజశేఖరుడు మొదలు రాజశేఖరము వరకు: తెలుగు ప్రణయనవలలో నాయకుని మార్పులు

తెలుగున తొలి నవలగా పలువురు పరిగణించు గ్రంథమునకును, తెలుగు ప్రణయనవలలలో మిక్కిలి ప్రసిద్ధి గాంచిన గ్రంథమునకును నాయకుని పేరు ఇంచుమించు ఒక్కటియే. కందుకూరి వీరేశలింగముగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’యందు వెలువడ నారంభించి 1880లో గ్రంథరూపము దాల్చినది. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ 1960వ దశకము నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికముగా వచ్చి, పిమ్మట పుస్తకమై ఇంటింట చేరినది. అందు నాయకుడు రాజశేఖరుడు. ఇందు నాయకుడు రాజశేఖరము. ఈ నామసామ్యము కాకతాళీయమే కావచ్చును. దానినిబట్టి ఒక గ్రంథము మరియొకదానికి ఋణపడినదని చెప్పుట నా ఉద్దేశము కాదు. అయినను ఆ ఇరువురిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినయెడల ఒక ప్రశ్న పుట్టును. మొదటివాడు ధవళేశ్వరమున కాపురముండు గృహస్థు, బిడ్డల తండ్రి. ముఖస్తుతికి లోబడి ఉన్న కలిమిని పోగొట్టుకొనినవాడు. రెండవవాడు అవివాహితుడు, ఐశ్వర్యవంతుడు, అభిమానధనుడు. తన్ను కోరువారు పలువురుండగా తనకడ కొలువు చేయు యువతిని వలచినవాడు. తొమ్మిది దశాబ్దములైనను నిండకముందే తెలుగు నవలానాయకుడు తండ్రి స్థానమునుండి ప్రియుని స్థానమునకు ఎట్లు వచ్చెను? వచ్చినవాడు ఆ రూపముననే ఏల వచ్చెను?

ఈ ప్రశ్నకు సమాధానమును నాయకుని గుణములకంటె నాయిక అవసరములలో వెదకుట మేలని ఈ వ్యాసమున ప్రతిపాదించుచున్నాను. ప్రణయనవలలోని నాయకుని తన కాలపు పురుషునికి ప్రతిబింబముగా చూచినచో మనము మోసపోదుము. ఆ కాలపు స్త్రీకి లోకము ఇయ్యనిదేదో దానికి అతడు ఆకారము. ఆ లేమి మారినకొలది అతడును మారుచు వచ్చెను. ఈ పరిణామమునకు విజయవాడయు కృష్ణా డెల్టాయు ముఖ్యరంగము లగుటచే ఉదాహరణములను విశేషముగా ఈ ప్రాంతమునుండియే గైకొనుచున్నాను.

పూర్వనాయకులు

మన ఆలంకారికులు నాయకుని ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధముల విభజించిరి. శృంగారవిషయమున అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు అని మరి నాలుగు భేదములను చెప్పిరి. ఈ రెండవ విభాగము గమనింపదగినది. ఇందు నాయకుని పరాక్రమమునకు గాని కులశీలములకు గాని చోటు లేదు. అతడు స్త్రీయెడల ఎట్లు నడచుకొనుచున్నాడను ఒక్క అంశమునుబట్టియే ఈ భేదము లేర్పడినవి. అనగా శృంగారనాయకుని నిర్ణయించునది నాయిక అనుభవమేయని ప్రాచీనులును గుర్తించియే యుండిరి.

కృష్ణాతీరమున ఈ సంప్రదాయము సజీవముగ నుండినది. మొవ్వ గ్రామమున వెలసిన గోపాలుని ముద్రతో క్షేత్రయ్య పదములు చెప్పెను. ఆ పదములలో మాటాడునది చాలవరకు నాయిక. మువ్వగోపాలుడు వచ్చినను రాకున్నను, ఆడినమాట తప్పినను, అలిగినను, అతనిని మనము చూచునది ఆమె పలుకులలోనే. మొవ్వకు చేరువనున్న కూచిపూడిలో సిద్ధేంద్రుడు వెలయించిన భామాకలాపమునందును ఇంతియే. సత్యభామ విరహపడును, లేఖ వ్రాయును, తన పేరుప్రతిష్ఠలు చెప్పుకొనును. కృష్ణుడు తుదను ప్రవేశించును. అయితే ఈ రెంటను ఒక వైపరీత్యము కలదు. మాటలు నాయికవి; కవి పురుషుడు. కలాపమున సత్యభామ వేషము ధరించువాడును పరంపరగా పురుషుడే. స్త్రీ హృదయమును గూర్చి చెప్పుటకు స్త్రీ కంఠము ఇంకను రంగమున కెక్కలేదు.

సులోచనారాణిగారు 1940లో జన్మించిన కాజ గ్రామము కూడ ఈ మొవ్వ మండలములోనిదే. మొవ్వ, కూచిపూడి, కాజ ఒకదానికొకటి పొరుగూళ్లు. మువ్వగోపాలునినుండి రాజశేఖరమువరకు గల దూరము కాలమున మూడు శతాబ్దములు; నేలమీద కొలది క్రోసులు మాత్రమే. ఆ మూడు శతాబ్దములలో మారినదేమనగా, నాయకుని వర్ణించు అధికారము స్త్రీ చేతికి వచ్చినది.

సంస్కర్తలు, ధర్మనిష్ఠులు

అంతకుముందు నవలానాయకుని పురుషులే తీర్చిదిద్దిరి. వీరేశలింగముగారి కాలమున ప్రణయమునకు తావు స్వల్పము. బాల్యవివాహములు గల సంఘమున వివాహమునకు ముందు అనురాగము పుట్టుటకు వ్యవధి యేది? కావుననే తొలి నాయకుడు తండ్రి యయ్యెను. కథకు కావలసిన పురుషార్థము కుటుంబమును నిలుపుట, మూఢనమ్మకములను విడిపించుట.

ప్రణయము ప్రవేశించిన పిమ్మట రచయితలకు రెండు మార్గములు కానవచ్చెను. ఒకటి వివాహమును ధిక్కరించుట. రెండవది వివాహముననే ప్రణయమును కనుగొనుట. మొదటిదానికి గుడిపాటి వెంకటచలముగారి ‘మైదానము’ (1927) పరాకాష్ఠ. చలముగారు 1950లో అరుణాచలమునకు తరలిపోవువరకు బెజవాడలో చాలకాలము వసించిరి. ఈ నవలలో న్యాయవాది భార్యయైన రాజేశ్వరి ఇల్లు విడిచి అమీరుతో వెడలిపోవును. కథ యావత్తు ఆమెయే చెప్పును. అమీరునకు విద్య, ఉద్యోగము, ఆస్తి ఏవియు లేవు. అతడు ఆమెకు ఇచ్చునది దేహమునకు స్వేచ్ఛ. ఇంటిగోడల నడుమ నిషేధింపబడినది అదియే కావున నాయకుడును ఆ రూపమున వచ్చెను. అయితే ఆ స్వేచ్ఛయందును అమీరు అధికారము చెలాయించుటను చలముగారు దాచలేదు; కథ విషాదాంతమైనది.

రెండవ మార్గమునకు 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు బహుమానమును పంచుకొనిన రెండు నవలలు నిదర్శనములు. విజయవాడలో అధ్యాపకత్వము నెరపిన విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’లో ధర్మారావు దాంపత్యమును ధర్మములో నొక భాగముగ భావించిన నాయకుడు. అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’ మన విషయమునకు మరింత సన్నిహితమైనది. నారాయణరావు విద్యావంతుడు, దేశభక్తుడు, రూపవంతుడు. జమీందారు కుమార్తె శారదను పెండ్లాడెను. కాని ఆమె మనస్సు అతనిపై నిలువలేదు. అతడు భర్తగా తనకు గల హక్కును వినియోగింపక, ఆమెయంతట ఆమెకు ప్రేమ కలుగువరకు వేచియుండెను. ఈ నిరీక్షణము తెలుగు నవలలో క్రొత్త గుణము. భార్య సమ్మతి యనునది అడిగి తీసికొనవలసినదని ఒప్పుకొనిన నాయకుడు ఇచట కనిపించును. తరువాతి కాలపు ప్రణయనాయకునికి అసలైన పూర్వుడు ఇతడేయని నా అభిప్రాయము.

విశ్వనాథవారి ‘ఏకవీర’ ఈ రెండు మార్గములకును నడుమ నిలిచినది. మధుర నాయకరాజుల కాలమునాటి ఈ కథలో కుట్టాన్ సేతుపతి వలచినది మీనాక్షిని, వివాహమాడినది ఏకవీరను. వీరభూపతి వలచినది ఏకవీరను, వివాహమాడినది మీనాక్షిని. ఇరువురు నాయకులును సజ్జనులే, పరస్పర మిత్రులే. దోషము వ్యక్తులలో లేదు. పెద్దలు కుదిర్చిన ఏర్పాటులో కలదు. దానిని మార్చు శక్తి నాయకులకు గాని నాయికలకు గాని లేకపోయెను.

విఫలప్రేమికుడు

ఇంతలో వంగదేశమునుండి మరియొక నాయకుడు దిగుమతి యయ్యెను. శరత్‌చంద్రుని నవలలను తెనాలికి చెందిన చక్రపాణిగారును, బొందలపాటి శివరామకృష్ణగారును, మరికొందరును తెనిగించిరి. ఆ నవలలు డెల్టా గ్రామములలో ఎంతగా చదువబడెననగా, శరత్ బాబు తెలుగువాడేయని అనుకొనినవారు కూడ కలరని పెద్దలు చెప్పగా వినుచుందుము. శరత్ నాయకుడు సున్నితహృదయుడు, అసమర్థుడు. ప్రేమించును గాని నిలువలేడు. కులమునకును తండ్రిమాటకును ఎదురాడలేక తన్ను తాను దహించుకొనును. 1953లో వచ్చిన ‘దేవదాసు’ చలనచిత్రముతో ఈ మూర్తి తెలుగువారి మనస్సున స్థిరపడెను. ఆ పాత్రను ధరించిన అక్కినేని నాగేశ్వరరావుగారు గుడివాడ ప్రాంతమునందలి రామాపురమున జన్మించినవారు.

ఈ దుర్బలనాయకుడు స్వతంత్ర నవలలలోను అవతరించెను. త్రిపురనేని గోపీచందుగారిది కృష్ణాజిల్లా అంగలూరు. వారి ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావు ప్రణయనాయకుడు కాకున్నను ఆ కోవకు చెందినవాడే. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’లోని దయానిధి పలువురు స్త్రీల చేరువకు వచ్చియు ఎవ్వరితోడను జీవితమును ముడివేసికొనలేకపోవును. విద్య అబ్బినది, ప్రశ్నించు బుద్ధి కలిగినది. కాని ఆచరించు ధైర్యము చాలలేదు. స్వాతంత్ర్యమునకు కొంచెము ముందువెనుకల విద్యావంతుడైన మధ్యతరగతి యువకుని స్థితి ఇది. ఈ నవలలు ఉత్తమములు. వాని గొప్పతనము పురుషుని ఆత్మపరిశీలనమునందు కలదు. అయితే వానిని చదువు స్త్రీకి అందుండి లభించున దేమి? నాయకుని దుఃఖమునకు సానుభూతి చూపుటయే ఆమె వంతు.

పాఠకురాలు

నాయకుడు మారుటకు ముందు పాఠకలోకము మారవలసి యుండెను. ఆ మార్పునకు డెల్టాలో భూమిక చిరకాలముగ సిద్ధమగుచుండెను. 1852-55 నడుమ బెజవాడకడ కృష్ణపై కట్టిన ఆనకట్ట మెట్టలను మాగాణులుగా మార్చెను. పంటతో డబ్బు, డబ్బుతో చదువు వచ్చెను. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914లో ఆ పట్టణముననే ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగి గ్రంథాలయోద్యమము వ్యవస్థితమయ్యెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలో పడవపై గ్రంథాలయమును నడపించిరి. నీరు పారిన త్రోవనే పుస్తకమును పారినది.

1960లో ‘ఆంధ్రజ్యోతి’ దినపత్రికయు, 1967లో దాని వారపత్రికయు విజయవాడనుండి వెలువడినవి. 1970లో ‘స్వాతి’ మాసపత్రిక పుట్టినది. మచిలీపట్టణమున నెలకొనిన ఎం. శేషాచలం సంస్థనుండి ఎమెస్కో పాకెట్ పుస్తకములు వచ్చి తక్కువ వెలకు నవలను ఇంటిలోనికి చేర్చెను. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తక ప్రచురణకు పెట్టినపేరయ్యెను. 1962లో విజయవాడలో స్త్రీలకై మేరిస్ స్టెల్లా కళాశాల ఏర్పడెను. హైస్కూలు చదువు ముగించి వివాహమునకై ఇంట వేచియుండు కన్యలును, పట్నమున ఉద్యోగమునకు పోవు యువతులును, మధ్యాహ్నపువేళ తీరిక గల గృహిణులును ఒక పెద్ద పాఠకవర్గముగ ఏర్పడిరి. ఇట్టి పాఠకురాలు ఇదివరలో తెలుగు రచయితకు ఎదురుపడలేదు. ఆమెకొరకు వ్రాయుటకు ఆమెవంటి రచయిత్రులే ముందుకు వచ్చిరి.

కారు, కట్నము

‘సెక్రటరీ’ నాయిక జయంతి మధ్యతరగతి యువతి. ఉద్యోగము చేసి బ్రదుకవలసినది. రాజశేఖరము సంపన్నుడు. అతని చుట్టును వయ్యారులు తిరుగుచుందురు. జయంతికి అతనిపై అనురాగముతోపాటు అనుమానము, అభిమానము కూడ కలవు. కథ యంతయు ఈ అభిమానము చుట్టును నడచును. తుదకు అపోహలు తొలగి ఇరువురును ఒకటగుదురు. 1976లో ఇది చలనచిత్రమైనపుడు నాయకుని పాత్ర ధరించినది నాగేశ్వరరావుగారే. 1953లో దేవదాసుగా త్రాగి మరణించిన ఆ నటుడే 1971లో, కోడూరి కౌసల్యాదేవిగారి నవలనుబట్టి తీసిన ‘ప్రేమనగర్’ చిత్రమున త్రాగుబోతు జమీందారై ఒక ఉద్యోగిని ప్రేమచే మారెను. 1976లో మారవలసిన పనిలేని రాజశేఖరమయ్యెను. ఇరువదిమూడేండ్లలో నాయకుని గతి ఎట్లు మారినదో ఒక్క నటుని పాత్రలవలననే తెలిసికొనవచ్చును.

ఈ నవలలను గూర్చి విద్వల్లోకమున చిరకాలముగ నున్న ఆక్షేపణ సుప్రసిద్ధము. ఆరడుగుల అందగాడు, మేడ, కారు, ఖరీదైన దుస్తులు. ఇట్టి నాయకుని చూపి మధ్యతరగతి కన్యలను పగటికలలలో ముంచిరని విమర్శకులు పలికిరి. ఆ ఆక్షేపణను నేనును కొంతకాలము వల్లించినవాడనే. నా పరిశోధనకు విషయమును ఎన్నుకొను దినములలో ఈ నవలల పేరెత్తగా, అవి కాలక్షేపపు సరుకనియు పట్టమునకు తగవనియు ఒక పెద్దలు సెలవిచ్చిరి. నేను మారుపలుకక వేరొక విషయమును గైకొంటిని. ఆ మౌనము నేటికిని నన్ను బాధించుచున్నది. ఏలయన, నాకు నవల యన నేమో తెలిసినది ఆ పుస్తకములవలననే. బాల్యమున మా మేనత్తకొరకు విజయవాడలో అద్దెపుస్తకముల దుకాణమునుండి నవలలు తెచ్చి, మరల తిరిగి యిచ్చి వచ్చు పని నాది.

పెక్కేండ్లకు, అధ్యాపకుడనైన పిమ్మట, ఆమెతో నేను ఈ ఆక్షేపణను ప్రస్తావించితిని. ఆ కారుగల నాయకుని మీరందరు నమ్మితిరా యని అడిగితిని. ఆమె నవ్వి యిట్లనెను: “కారు ఎవరిక్కావాలిరా? కారున్నవాడికి కట్నంతో పనేముంది? అందుకే వాడికి కారు పెట్టింది.”

ఈ మాట నాకు పెద్ద గ్రంథమువలె తోచినది. డెల్టాలో పంట పెరిగిన కొలది వరకట్నము పెరిగినది. ఎకరముల లెక్కను పొలము వ్రాసి యిచ్చు ఆచారము ఈ ప్రాంతమువారికి క్రొత్తది కాదు. వరుని చదువునకును ఉద్యోగమునకును వెల కట్టబడెను. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది, ఆచారము ఆగలేదు. ‘సెక్రటరీ’ వెలువడినది ఆ చట్టము వచ్చిన కొలది యేండ్లకే. తండ్రి అప్పులపాలగుట, అక్క పెండ్లికై చెల్లెలి చదువు మానిపించుట, పెండ్లిచూపులలో తిరస్కృతి పొందుట, ఇవి పాఠకురాలి నిత్యానుభవములు. అట్టి ఆమెకు కావలసిన నాయకుడు ఎట్టివాడు? తన్ను తన విలువనుబట్టి కోరువాడు, డబ్బు అడుగనివాడు. సామాన్య యువకుడు కట్నము వలదన్నచో అది ఆదర్శోపన్యాసమగును. కథ నమ్మించుట కష్టము. అపరిమితమైన ఐశ్వర్యము గలవాడు అడుగకుండుట సహజముగ తోచును. కావున రాజశేఖరము సంపద కేవలము అలంకారము కాదు. కట్నమను చిక్కును కథనుండి తొలగించుటకు రచయిత్రి కనుగొనిన ఉపాయము.

ఈ దృష్టితో చూచినయెడల నాయకుని తక్కిన లక్షణములకును అర్థము కలుగును. అతడు తల్లిదండ్రుల యాజ్ఞకు బద్ధుడై యుండడు. కావున దేవదాసువలె వెనుదీయ నవసరము లేదు. నాయిక ఉద్యోగిని, కావున అతనిని కాదని లేచిపోగలదు. కుట్టానునకును మీనాక్షికిని లేని స్వేచ్ఛ వీరిరువురికిని కలదు. నారాయణరావు శారద ప్రేమకై వేచియుండెను గాని, ఆమె అప్పటికే అతని భార్య. జయంతి భార్య కాదు. ఆమె కాదన్నచో కథ అంతటితో ముగియును. నాయకుని పరీక్షించు అధికారము నాయికకు మొదటిమారు పూర్తిగా దక్కినది ఇచటనే.

సేద్యగాడు కృష్ణ

సులోచనారాణిగారి నాయకులందరు కార్లలో తిరుగువారేయను భావము కూడ సత్యదూరము. ‘మీనా’ నవలలో నాయిక పట్నమున కలవారి బిడ్డ. తల్లి యధికారము క్రింద పెరిగినది. నాయకుడు కృష్ణ పల్లెటూరి బంధువు, చదువుకొనియు వ్యవసాయమును నమ్ముకొనినవాడు. ఇచట ఐశ్వర్యము తారుమారైనది. కలిమి నాయికది; అభిమానము నాయకునిది. అయినను మూలసూత్రము మారలేదు. కట్నము వలదనుటకు రెండు మార్గములు కలవు: కోరికయే లేనంతటి ధనము, లేదా ధనమునకు లొంగని ఆత్మగౌరవము. రాజశేఖరము మొదటిదానికి ఉదాహరణము, కృష్ణ రెండవదానికి. భూమియే ప్రతిష్ఠగా గల డెల్టా పాఠకురాలికి దుక్కి దున్ను చేతులు గల ఈ నాయకుడు పట్నపు ధనికునికంటె సన్నిహితుడై యుండును. 1973లో విజయనిర్మలగారి దర్శకత్వమున ఇది చలనచిత్రమైనది. 2016లో వచ్చిన ‘అ ఆ’ చిత్రమునకును ‘మీనా’యే మూలమని ప్రసిద్ధి. ఈ చిత్రమున నాయకుడు వంటపనిలో ఆరితేరినవాడు. సేద్యగానినుండి వంటగానికి వచ్చుటలోని మార్పును తేలికగ త్రోసివేయరాదు. వండి వడ్డించు పురుషుడు ప్రణయనాయకుడగుట 1960లలోని పాఠకురాలి ఊహకు అందని కోరిక.

హద్దులు

ఇంతవరకు నాయకుని సమర్థించితిని. అతని హద్దులను చెప్పకున్నచో చరిత్రకు అన్యాయము జరుగును. రాజశేఖరము కట్నము అడుగడు. కాని కట్నమను ఆచారము అతని కథ ముగిసినను చెక్కుచెదరక నిలిచియుండును. ఒక యువతికి మేలు జరిగినది. ఆమె ప్రక్కింటి యువతికి జరుగలేదు. సమస్యకు పరిష్కారము ఒక ఉదారుని హృదయమున ఉన్నంతవరకు అది అనుగ్రహమే గాని హక్కు కాజాలదు. కులవిషయమున ఈ కోవ నవలలు సాధారణముగ మౌనము వహించినవి.

ఈ హద్దును గుర్తించి దానిని దాటిన రచయిత్రి ముప్పాళ రంగనాయకమ్మగారు. ‘బలిపీఠము’లో దళిత యువకుడైన భాస్కరుడు బ్రాహ్మణ వితంతువు అరుణను పెండ్లాడును. పుస్తకముల ఆదర్శముతో మొదలైన ఆ దాంపత్యము కులాభిమానము తాకిడికి బలియగును. ‘పేకమేడలు’ నవల వివాహము జరిగిన పిదప పురుషుడు ఎట్టివాడగునో చూపినది. ప్రణయనవల పెండ్లిపందిరికడ ఆగినచోట రంగనాయకమ్మగారి నవల మొదలగును. అట్లని ఆమె మంచి భర్తను సృష్టింపలేదని చెప్పరాదు. ‘స్వీట్‌హోమ్’లోని బుచ్చిబాబు భార్య విమలతో పరిహాసములాడుచు, ఆమె తనకు లోబడియుండుటను తానే సహింపడు. అతనికి కారు లేదు, మేడ లేదు. హాస్యము, సమత్వబుద్ధి అతని ధనములు. రాజశేఖరమునకు నిజమైన ప్రత్యర్థి ఇతడేయని నాకు తోచును. అయినను పాఠకలోకము ఇరువురిని ఒకే వారపత్రికల త్రోవన ఇంటికి ఆహ్వానించినది. ఒకరికై మరియొకరిని త్యజింపలేదు.

తరువాతి నాయకుడు

1980వ దశకమున నాయకుడు మరల మారెను. వారపత్రికలకు యువకులు పాఠకులుగ పెద్దసంఖ్యలో చేరిరి. యండమూరి వీరేంద్రనాథ్‌గారి నవలలలో నాయకుడు పోరాటశీలి. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో రేవంత్ చదరంగపు ఆటగాడు, నాయిక ఆచూకిని బుద్ధిబలముచే కనుగొనవలసినవాడు. ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ ఆధారముగ 1984లో వచ్చిన ‘ఛాలెంజ్’ చిత్రమున నిరుద్యోగియైన గాంధి ఐదేండ్లలో ఏబది లక్షలు సంపాదింతునని పందెము వేయును. రాజశేఖరమునకు ఐశ్వర్యము కథారంభమున ఉన్న వస్తువు; గాంధికి అది కథకు ఫలము. చదువుకొని ఉద్యోగము దొరకని యువకుని కల ఇచట నాయకుని రూపము దాల్చినది. చూపు స్త్రీనుండి మరల పురుషునికి మరలినది. విజయవాడలో జన్మించిన మల్లాది వెంకటకృష్ణమూర్తిగారు ‘చంటబ్బాయ్’ వంటి నవలలలో నాయకుని గాంభీర్యమునే పరిహసించి, నవ్వించు నాయకుని ప్రవేశపెట్టిరి.

ఆ దశకముననే మరియొక మార్పు నవలకు వెలుపల జరిగినది. కృష్ణాజిల్లా నిమ్మకూరున జన్మించిన నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగ నుండగా, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో ఆడపిల్లకు సమానభాగము కల్పించు సవరణ 1985 సెప్టెంబరునుండి ఆంధ్రప్రదేశమున అమలునకు వచ్చినది. నాయకుని ఔదార్యముపై ఆధారపడక నాయికకు స్వంతముగ ఆస్తిహక్కు ఏర్పడుట ఇది. చట్టము ఎంతవరకు ఆచరణకు వచ్చినదను చర్చ వేరు. ప్రణయనవలలో నాయకుడు పూరించుచువచ్చిన లోటు ఎట్టిదో ఈ చట్టము స్పష్టముగ తెలుపుచున్నది.

ఉపసంహారము

తండ్రియైన రాజశేఖరుడు, దేహస్వేచ్ఛ నిచ్చిన అమీరు, వేచియున్న నారాయణరావు, నిలువలేని దేవదాసు, కట్నమడుగని రాజశేఖరము, అభిమానియైన కృష్ణ, సమత్వము పాటించిన బుచ్చిబాబు, గెలువగోరు గాంధి: ఈ పరంపరను నాయకుల పట్టికగ గాక నాయికల కోరికల చరిత్రగ చదువవలెనని నా మనవి. గాంధి వద్ద మాత్రము అది పాఠకుని కోరికల చరిత్ర యయ్యెను. ఒక కాలపు స్త్రీలు దేనికై నిట్టూర్చిరో తెలిసికొనుటకు శాసనములు లేవు, దస్తావేజులు లేవు. ఈ నవలలు కలవు.

అవియును ఎంతకాలము నిలుచును? సులోచనారాణిగారు 2018లో దివంగతులైరి. అద్దెపుస్తకముల దుకాణములు చాలవరకు మూతపడినవి. వాని పుస్తకములు తూకమునకు పోవుచున్నవి. ఆ ప్రతుల అంచులయందు చదివినవారు సీసకడ్డీతో వ్రాసిన మాటలు నేను చూచితిని. నాయకుని పొగడినవి కలవు, నాయికను మందలించినవి కలవు, ముగింపు నచ్చలేదని కోపించినవి కలవు. విమర్శకులు వ్రాయని విమర్శ అది. విశ్వవిద్యాలయ గ్రంథాలయములు ఈ ప్రతులను పాతకాగితములుగ గాక ఆధారములుగ గ్రహించి భద్రపరచుట తక్షణ కర్తవ్యము. నాడు మౌనము వహించిన నేను నేడు ఇంతమాత్రము విన్నవించుకొనుచున్నాను. విజ్ఞులు పరిశీలింతురుగాక.